లభ్యంకాని తేదీ (వెబ్ మూసలు)

వెబ్ మూసలలో లభ్యంకాని తేదీ అనేది డేటాబేస్‌లోని సమాచారాన్ని పుటగా మలిచేటప్పుడు ఎదురయ్యే ఒక సమస్య. గ్రంథాలయ సూచీ, వ్యక్తుల సమాచారపెట్టె, వార్తల జాబితా వంటి పుటలలో ప్రతి అంశానికీ ఒక తేదీ గడి ఉంటుంది. మూస ఆ గడిలోని విలువను తీసుకొని, పాఠకుడు చదవగల రూపంలోకి మార్చి చూపుతుంది. గడి ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని వ్యవస్థలు పుటను మధ్యలోనే నిలిపివేస్తాయి. కొన్ని ఆ స్థానాన్ని ఖాళీగా వదలివేస్తాయి. మరికొన్ని 1970 జనవరి 1 వంటి తేదీనో, ఆనాటి తేదీనో చూపుతాయి. ఈ మూడింటిలో చివరిది ఎక్కువ హానికరమైనది. మొదటి రెండు సందర్భాలలో లోపమున్నట్లు పాఠకునికి తెలుస్తుంది. మూడవ సందర్భంలో లోపమే వాస్తవం వలె కనబడుతుంది.

తెలుగు గ్రంథాల సూచీలలో ఈ సమస్య మరికొంత జటిలమైనది. పాత పుస్తకాలలో కొన్నింటిపై ప్రచురణ సంవత్సరమే ఉండదు. కొన్నింటిపై ప్రభవాది నామం మాత్రమే, మరికొన్నింటిపై ఫసలీ సంవత్సరం మాత్రమే ఉంటుంది. హైదరాబాదులోని సుల్తాన్ బజార్ ప్రాంతం ఇటువంటి తేదీలను పరిశీలించడానికి మంచి ఉదాహరణ.

లేమిలోని రకాలు

ఖాళీగా ఉన్న తేదీ గడికి ఒకే అర్థం ఉండదు. కనీసం మూడు అర్థాలను వేరుచేయవలసి ఉంటుంది.

* తెలియదు: తేదీ ఉన్నది, కానీ ఎవరూ నిర్ణయించలేకపోయారు. సంవత్సరం ముద్రించని పుస్తకం ఏదో ఒక సంవత్సరంలో అచ్చయినదే.
* వర్తించదు: అటువంటి తేదీ లేనే లేదు. జీవించి ఉన్న రచయితకు మరణ తేదీ, ఇంకా వెలువడుతున్న పత్రికకు చివరి సంచిక తేదీ ఈ కోవకు చెందుతాయి.
* నమోదు కాలేదు: తేదీ పుస్తకంపై స్పష్టంగా ఉన్నది, కానీ వివరాలు ఎక్కించినవారు దానిని చేర్చలేదు.

మొదటిదానికి పరిశోధన కావాలి, మూడవదానికి పుస్తకాన్ని మరొకసారి తెరిచి చూస్తే చాలు, రెండవదానికి ఏమీ చేయనవసరం లేదు. మూడింటినీ ఒకే ఖాళీగా నిలువచేసినచో ఈ భేదం నశిస్తుంది. తరువాత మూస ఎంత జాగ్రత్తగా వ్రాసినా దానిని తిరిగి రాబట్టలేము. డేటాబేస్ భాషయైన ఎస్‌క్యూఎల్‌లోని నల్ అనే గుర్తు విలువ లేదని మాత్రమే తెలుపుతుంది, ఎందుకు లేదో తెలుపదు. అందువలన కారణాన్ని తెలిపే మరొక గడి అవసరమవుతుంది.

వివిధ వ్యవస్థల ప్రవర్తన

యూనిక్స్ సంప్రదాయాన్ని అనుసరించే కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి (గ్రీనిచ్ కాలమానం) నుండి గడచిన సెకన్లుగా లెక్కిస్తాయి. విలువ లేని చోట సున్నా చేరితే ఆ క్షణమే తేదీగా వెలువడుతుంది. భారత కాలమానం ప్రకారం అది 1970 జనవరి 1 ఉదయం 5 గంటల 30 నిమిషాలు. అమెరికాలోని పాఠకునికి అదే విలువ 1969 డిసెంబరు 31గా కనబడుతుంది. సంబంధం లేని అనేక అంశాలకు ఈ రెండింటిలో ఏదో ఒక తేదీ కనబడినప్పుడు, అది తేదీ కాదనీ, లేమికి పడిన నీడ అనీ గ్రహించవచ్చు.

ప్రచారంలో ఉన్న కొన్ని వ్యవస్థలు ఖాళీ తేదీతో ప్రవర్తించే తీరు ఈ విధంగా ఉంటుంది.

* పీహెచ్‌పీ: తేదీ పాఠ్యాన్ని సెకన్లుగా మార్చే ప్రమేయానికి ఖాళీ పాఠ్యాన్ని ఇస్తే అది విఫలమైనట్లు తెలుపుతుంది. ఆ ఫలితాన్ని పరీక్షించకుండా తేదీ రూపంలోకి మార్చినచో 1970 జనవరి 1 వస్తుంది. తేదీ వస్తువును ఖాళీ పాఠ్యంతో సృష్టించినచో ప్రస్తుత సమయం వస్తుంది.
* ట్విగ్: తేదీ వడపోతకు నల్ అందితే ఆనాటి తేదీని చూపుతుంది. ఖాళీ కావాలనుకుంటే మూస వ్రాసేవారే ముందుగా పరీక్షించాలి.
* జాంగో: తేదీ వడపోతకు విలువ లేకపోతే ఏమీ చూపదు. వడపోత వాడకుండా నేరుగా చూపినచో పైథాన్ భాషలో లేమిని సూచించే 'నన్' అనే ఆంగ్లపదం పుటలో ప్రత్యక్షమవుతుంది.
* స్మార్టీ: తేదీ ఖాళీ అయినప్పుడు వాడవలసిన ప్రత్యామ్నాయ తేదీని మూసలోనే ఇచ్చే సదుపాయం ఉన్నది. ఇది సౌకర్యమే గాని, కల్పిత తేదీని సులభంగా ప్రవేశపెట్టే మార్గం కూడా.
* జావాస్క్రిప్ట్: నల్ నుండి తేదీని నిర్మిస్తే 1970 జనవరి 1 వస్తుంది. నిర్వచించని విలువ నుండి గాని, ఖాళీ పాఠ్యం నుండి గాని నిర్మిస్తే చెల్లని తేదీ అనే సందేశం వస్తుంది.
* డాట్‌నెట్: విలువ ఇవ్వని తేదీ 0001 జనవరి 1గా ఉంటుంది.
* ఎస్‌క్యూఎల్ సర్వర్: ఖాళీ పాఠ్యాన్ని తేదీగా మార్చినచో 1900 జనవరి 1 వస్తుంది.
* మైఎస్‌క్యూఎల్: సంవత్సరం, నెల, రోజు అన్నీ సున్నాలుగా ఉన్న తేదీని నిలువచేసే వీలు చాలాకాలం ఉండినది. 2015లో వెలువడిన 5.7 కూర్పు నుండి అటువంటి తేదీలను తిరస్కరించడం డిఫాల్టు అయినది.

వీటిలో 0001, 1970 వంటి తేదీలు అసంబద్ధంగా ఉంటాయి గనుక ఎప్పుడో ఒకప్పుడు ఎవరి దృష్టికైనా వస్తాయి. 1900 అంత సులభంగా పట్టుబడదు, ఎందుకనగా ఆ కాలపు తెలుగు పుస్తకాలు నిజంగానే ఉన్నాయి. ఆనాటి తేదీని చూపే పద్ధతి మరింత ప్రమాదకరమైనది. పుటను తెరిచిన ప్రతి రోజూ తేదీ మారుతూ ఉంటుంది గనుక, ఒక్కసారి మాత్రమే చూసినవారికి అందులో దోషం కనబడదు.

క్రమంలో అమర్చేటప్పుడు కూడా తేడాలు ఉన్నాయి. తేదీలను ఆరోహణ క్రమంలో అమర్చినప్పుడు మైఎస్‌క్యూఎల్ నల్ విలువలను ముందు ఉంచుతుంది, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చివర ఉంచుతుంది. ఒకే సూచీని ఒక వ్యవస్థ నుండి మరొకదానికి మార్చినప్పుడు, సంవత్సరం లేని పుస్తకాలన్నీ జాబితా మొదటి నుండి చివరకు చేరవచ్చు.

వికీ మూసలలో

మీడియావికీ మూసలో ఒక పరామితికి డిఫాల్టు ఇవ్వకపోతే, విలువ అందనప్పుడు ఆ పరామితి పేరే మీసాల బ్రాకెట్లతో సహా పుటలో కనబడుతుంది. పరామితి పేరు తరువాత నిలువు గీత ఉంచి ఏమీ వ్రాయకపోతే ఖాళీ వెలువడుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదం ఉన్నది. పరామితిని అసలు ఇవ్వకపోవడం వేరు, పరామితి పేరు వ్రాసి విలువ వ్రాయకపోవడం వేరు. రెండవ సందర్భంలో ఖాళీయే విలువగా లెక్కించబడుతుంది గనుక డిఫాల్టు పనిచేయదు. సమాచారపెట్టె నమూనాను కాపీ చేసుకొని కొన్ని గడులను నింపకుండా వదలివేయడం సర్వసాధారణం కాబట్టి, ఈ రెండవ సందర్భమే తరచుగా ఎదురవుతుంది.

2006లో వచ్చిన పార్సర్ ప్రమేయాలతో మూసలలో షరతులు వ్రాయడం సాధ్యమైనది. వీటిలోని 'ఇఫ్' ప్రమేయం పై రెండు సందర్భాలనూ ఒకే విధంగా ఖాళీగా గుర్తిస్తుంది. తేదీని రూపొందించే 'టైమ్' ప్రమేయం మాత్రం ఖాళీ అందినప్పుడు ప్రస్తుత సమయాన్ని తీసుకుంటుంది. కావున ఆ ప్రమేయాన్ని ఎల్లప్పుడూ 'ఇఫ్' లోపల ఉంచవలెను. 2013 నుండి లువా భాషలో మాడ్యూళ్ళు వ్రాసే వీలు కలిగినది. వాటిలోనూ ఈ పరీక్ష అవసరమే.

వికీడేటాలో లేమిని గుర్తించడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నది. ఒక అంశానికి తేదీని ఇవ్వడమే గాక, 'విలువ తెలియదు' అని గాని, 'విలువ లేదు' అని గాని ప్రకటించవచ్చు. అసలు ప్రకటనే లేకపోవడం మూడవ స్థితి. పైన చెప్పిన మూడు రకాల లేమికి ఇవి సరిపోతాయి. అంతేగాక ప్రతి తేదీకీ కచ్చితత్వ స్థాయి జతచేయబడుతుంది. 11 అనగా రోజు వరకు, 9 అనగా సంవత్సరం వరకు, 8 అనగా దశాబ్దం వరకు, 7 అనగా శతాబ్దం వరకు తెలిసినదని అర్థం. సంవత్సరం మాత్రమే తెలిసిన తేదీలో నెల, రోజు స్థానాలలో సున్నాలు ఉండవచ్చు. స్థాయిని చూడకుండా విలువను మాత్రమే తీసుకునే మూస, శూన్య మాసపు శూన్య దినాన్ని చూపుతుంది, లేదా దానిని జనవరి 1గా మారుస్తుంది.

సుల్తాన్ బజార్, తెలుగు గ్రంథాల తేదీలు

సుల్తాన్ బజార్ హైదరాబాదులో కోఠీకి చేరువన ఉన్నది. కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీకి అనుబంధంగా పెరిగిన ఈ ప్రాంతాన్ని పూర్వం రెసిడెన్సీ బజార్ అనేవారు. 1933లో ఇది తిరిగి నిజాం పాలనలోకి వచ్చిన తరువాత సుల్తాన్ బజార్ అయినది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతుల కృషితో 1901 సెప్టెంబరు 1న స్థాపించబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇక్కడే ఉన్నది. నిజాం రాష్ట్రంలో తెలుగు గ్రంథాలయోద్యమానికి ఇది ఆద్యమైనది.

ఇటువంటి గ్రంథాలయాలు భద్రపరచే పాత పుస్తకాలపై మూడు నాలుగు కాలమానాలు కనబడతాయి. క్రీస్తు శకంతో పాటు శాలివాహన శకం, ప్రభవాది నామాలు, హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం వాడుకలో ఉండేవి. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అజూర్ నెలతో, అనగా సుమారు అక్టోబరు తొలివారంలో మొదలయ్యేది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1344 అనగా 1934 అక్టోబరు నుండి 1935 అక్టోబరు వరకు. 590 కలిపి ఊరుకునే మూస ఈ పుస్తకాన్ని 1934లోనే ఉంచుతుంది. వాస్తవానికి ఆ ఏడాదిలో ఎక్కువ భాగం 1935లో ఉన్నది.

ప్రభవాది నామాలు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. భాషా నిలయం స్థాపించబడిన ప్లవ నామ సంవత్సరం 1961–62లోనూ, 2021–22లోనూ మరల వచ్చినది. నామం మాత్రమే ఉన్న పుస్తకానికి తేదీ లేదనడం సరికాదు, ఉన్నదనడమూ సరికాదు. 60 ఏళ్ళ ఎడంతో రెండు మూడు సంవత్సరాలు దానికి సాధ్యమవుతాయి.

తేదీ లేని పుస్తకాల కాలాన్ని నిర్ణయించడానికి ఇతర ఆధారాలు ఉపకరిస్తాయి.

* చిరునామాలో సుల్తాన్ బజార్ అని ఉంటే ఆ ముద్రణ సాధారణంగా 1933కు తరువాతిది. రెసిడెన్సీ బజార్ అని ఉంటే అంతకు పూర్వపుది కావచ్చు, కానీ పాత పేరు కొంతకాలం వాడుకలో నిలిచి ఉండవచ్చు గనుక ఇది కొంత బలహీనమైన ఆధారం.
* భారతదేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. వెల అణాలలో ఉంటే పుస్తకం సాధారణంగా ఆ కాలానికి పూర్వపుది, నయాపైసలలో ఉంటే ఆ తరువాతిది.
* పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టబడినది. ఆరంకెల పిన్ కోడ్ ఉన్న చిరునామా అంతకు ముందుది కాజాలదు.

ఉదాహరణకు, ముఖపత్రంపై సుల్తాన్ బజార్ చిరునామా, భవ నామ సంవత్సరం, ఎనిమిది అణాల వెల మాత్రమే ఉన్న ఒక పుస్తకాన్ని ఊహించవచ్చు. భవ నామం 1874–75లోనూ, 1934–35లోనూ, 1994–95లోనూ వచ్చినది. చిరునామా వలన మొదటిది, అణాల వలన చివరిది తొలగిపోతాయి. కావున పుస్తకం 1934 ఉగాదికి, 1935 ఉగాదికి నడుమ వెలువడినది. అదే పుస్తకంపై ఫసలీ 1344 అని కూడా ఉంటే, ఆ వ్యవధి 1934 అక్టోబరు నుండి 1935 ఉగాది వరకు కుదించుకుపోతుంది. ఇంత తెలిసిన పుస్తకానికి సూచీలో ఖాళీ చూపడం అన్యాయం. 1934 అని మాత్రమే చూపడం తెలిసినదానికంటే ఎక్కువ చెప్పడమే అవుతుంది.

గ్రంథాలయ శాస్త్రంలోని పద్ధతులు

ముద్రిత సూచీల కాలం నుండే గ్రంథాలయ నిపుణులు ఈ సమస్యకు పరిష్కారాలు రూపొందించారు. 1978లో వెలువడిన ఆంగ్లో-అమెరికన్ సూచీకరణ నియమాల రెండవ కూర్పు ప్రకారం, పుస్తకంపై లేక ఊహించిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో వ్రాయాలి. సందేహం ఉంటే [1934?] అనీ, దశాబ్దం మాత్రమే తెలిస్తే [193-] అనీ, శతాబ్దం మాత్రమే తెలిస్తే [19--] అనీ వ్రాస్తారు. బ్రాకెట్ చూడగానే ఆ అంకె పుస్తకంపై లేదనీ, సూచీకర్త నిర్ణయించినదనీ పాఠకునికి తెలుస్తుంది.

కంప్యూటర్ సూచీలకు వాడే మార్క్ 21 పద్ధతిలో 008 అనే గడిలో తేదీ స్వభావాన్ని తెలిపే ఒక అక్షరం ఉంటుంది. ఒకే సంవత్సరం కచ్చితంగా తెలిస్తే 'ఎస్', రెండు హద్దుల నడుమ సందేహాస్పదమైతే 'క్యూ', ఏమీ తెలియకపోతే 'ఎన్' వ్రాస్తారు. తెలియని అంకెల స్థానంలో 'యు' అక్షరం ఉంచుతారు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆధ్వర్యంలో రూపొందిన విస్తృత తేదీ రూపం 2019లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 రెండవ భాగంలో చేరినది. ఇందులో ప్రశ్నార్థకం సందేహాన్ని, అలగీత సుమారును, ఎక్స్ అక్షరం తెలియని అంకెను సూచిస్తాయి. ఏటవాలు గీతకు ఇరువైపులా హద్దులు వ్రాసి వ్యవధిని చూపవచ్చు. ఒక హద్దు లేకపోతే అక్కడ రెండు చుక్కలు ఉంచుతారు. 1933లో మొదలై చివరి హద్దు లేని వ్యవధి 1933/.. అనే రూపంలో ఇమిడిపోతుంది.

తెలుగు వాక్యంలో లేమి

తెలుగులో విభక్తి ప్రత్యయాలు పదం చివర చేరుతాయి గనుక, మూసలలో ఒక ఇబ్బంది కలుగుతుంది. "1934లో ప్రచురించబడినది" అనే వాక్యాన్ని మూసగా వ్రాసి, సంవత్సరం స్థానంలో పరామితిని ఉంచినచో, విలువ లేనప్పుడు "లో ప్రచురించబడినది" అని మాత్రమే మిగులుతుంది. "న జన్మించారు", "నుండి వరకు" వంటి తలలేని పదబంధాలు ఈ విధంగానే ఏర్పడతాయి. జనన మరణ సంవత్సరాలను కుండలీకరణాలలో ఉంచే మూసలలో గీత ఒక్కటే మిగిలిపోతుంది. దీనికి విరుగుడు, ప్రత్యయాన్నీ విరామచిహ్నాలనూ షరతు లోపలనే ఉంచడం. వీలైన చోట వాక్యాన్నంతటినీ షరతు లోపల ఉంచి, తేదీ లేనప్పుడు "ప్రచురణ సంవత్సరం తెలియదు" అనే పూర్తి వాక్యాన్ని చూపడం మరింత మేలు.

తెలుగు వికీపీడియాలో తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో వ్రాయడం ఈ విషయంలో అనుకూలమైనది. 1901 సెప్టెంబరు 1 అనే తేదీలో రోజు తెలియకపోతే 1901 సెప్టెంబరు అనీ, నెల కూడా తెలియకపోతే 1901 అనీ మిగులుతుంది. తెలియని భాగం చివరి నుండి రాలిపోతుంది గాని, వాక్యం చెడదు.

పర్యవసానాలు

తప్పుగా చూపిన తేదీ పుటలోనే ఆగిపోదు. భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం ఆరంభం నుండి 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు ఈ లెక్కన 2014 జనవరి 1 నుండి అందరివీ అయినవి. రచయిత పేరు లేని రచనలకు ప్రచురణ తరువాతి సంవత్సరం ఆరంభం నుండి 60 ఏళ్ళు లెక్కిస్తారు. మరణ తేదీ స్థానంలో 1970 చూపినచో, ఎప్పుడో స్వేచ్ఛ పొందిన గ్రంథం 2030 చివరి వరకు హక్కులు గలదిగా కనబడి, వికీసోర్స్ వంటి చోట్ల చేర్చబడకపోవచ్చు. ప్రచురణ తేదీ స్థానంలో 1900 చూపినచో, హక్కులు మిగిలి ఉన్న గ్రంథం స్వేచ్ఛగా ప్రచురించబడవచ్చు.

మరణ తేదీ ఖాళీగా ఉంటే వ్యక్తిని జీవించి ఉన్నవారి వర్గంలో చేర్చే మూసలు, తెలియదు, వర్తించదు అనే రెండింటినీ కలిపివేస్తాయి. 1880లో జన్మించి, మరణ వివరాలు దొరకని కవి నేటికీ సజీవునిగా లెక్కించబడటం ఈ కారణం వలననే. వయసును లెక్కించే మూసకు జనన సంవత్సరం అందక సున్నాగా తీసుకుంటే, వయసు రెండువేల ఏళ్ళు దాటుతుంది.

కల్పిత తేదీల అలవాటు కంప్యూటర్లతో మొదలైనది కాదు. పుట్టిన తేదీ తెలియని పిల్లలను పాఠశాలలో చేర్చుకొనేటప్పుడు జూన్ లేదా జూలై మొదటి తేదీని వ్రాయడం మన గ్రామాలలో చాలాకాలం సాగినది. రిజిస్టరులోని గడిని ఖాళీగా ఉంచరాదన్నదే అందుకు కారణం. ఆ తేదీయే పదవ తరగతి ధ్రువపత్రంలోనూ, ఉద్యోగ విరమణ లెక్కలలోనూ స్థిరపడేది. ఆధార్ నమోదులో పుట్టిన తేదీని ధ్రువీకరించినది, వ్యక్తి ప్రకటించినది, సుమారుగా లెక్కించినది అని మూడు విధాలుగా గుర్తించే ఏర్పాటు ఉన్నది. అయితే ఆ గుర్తును వదలి తేదీని మాత్రమే ముద్రించినచో సుమారు తేదీ కూడా అసలు తేదీయే అవుతుంది.

పాటించదగిన పద్ధతులు

* తేదీకి నాలుగు గడులు ఉంచాలి: పుస్తకంపై ఉన్నది ఉన్నట్లుగా, తొలి హద్దు, మలి హద్దు, లేమికి లేదా సందేహానికి కారణం.
* లేమికి గుర్తుగా ఏ నిజమైన తేదీనీ వాడరాదు. నమ్మదగినట్లు కనబడే తేదీని అసలే వాడరాదు.
* తేదీని రూపొందించే ముందు విలువ ఉన్నదో లేదో పరీక్షించాలి. పరీక్ష ప్రతి మూసలో వేరువేరుగా కాక, ఒకే ఉప మూసలో ఉంటే దిద్దుబాటు సులభం.
* తెలిసినంత మేరకే చూపాలి. సంవత్సరం మాత్రమే తెలిస్తే సంవత్సరమే చూపాలి.
* క్రమంలో అమర్చడానికి తొలి హద్దును వాడి, ఏ హద్దూ లేనివాటిని చివర ఒక ప్రత్యేక వర్గంగా చూపాలి. ఆ వర్గమే తరువాత పరిశీలించవలసిన పుస్తకాల జాబితాగా పనికివస్తుంది.
* పూర్తి తేదీ, సంవత్సరం మాత్రమే ఉన్న తేదీ, వ్యవధి, ఖాళీ విలువ, ఇవ్వని పరామితి అనే ఐదు సందర్భాలతోనూ మూసను పరీక్షించిన తరువాతనే వాడుకలోకి తేవాలి.

పై ఉదాహరణలోని పుస్తకానికి ఈ పద్ధతిలో "భవ నామ సంవత్సరం [1934–35]" అని చూపవచ్చు. ముద్రితమైనది బ్రాకెట్ బయట, నిర్ణయించినది బ్రాకెట్ లోపల ఉంటాయి. తరువాత మరొకరు మెరుగైన ఆధారం కనుగొంటే ఏది మార్చవచ్చునో, ఏది మార్చరాదో దీనివలన స్పష్టమవుతుంది.

ఇవి కూడా చూడండి

* శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం
* సుల్తాన్ బజార్
* ఫసలీ సంవత్సరం
* తెలుగు సంవత్సరాలు
* భారత కాపీరైటు చట్టం
* భారత డిజిటల్ లైబ్రరీలో తెలుగు పుస్తకాల జాబితా